నాలుగు సంతల మందు

మా అత్త రత్న నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. మా ఆయన సురేంద్ర నాలుగు రోజులుగా నా మొహం చూసి మాట్లాడలేదు. నేను ఉప్మా చేశాను. ఇల్లన్నాక ఎవరో ఒకరు ఉప్మా చెయ్యాలి కదా.

“కొట్టు తీత్తావా, తియ్యవా?” అంది అత్త, వాకిట్లో నిలబడి.

“తీత్తానమ్మా.”

“నాలుగు రోజుల్నించీ ఇదే మాట. ఈయేళ సంత. సంత రోజున మందుల కొట్టు మూసేత్తే జనం ఏటనుకుంటారు?”

“అనుకోనీ.”

బైకు తుడుస్తూ అన్నాడు. ఆ బైకుని నిన్న తుడిచాడు, మొన్న తుడిచాడు. ఈ నాలుగు రోజుల్లో దానికి దక్కినంత సేవ మా పెళ్ళిలో నాకు కూడా దక్కలేదు.

అత్తకి ఒక్కతే చెల్లెలు, కృపావతి. నేను చిన్నత్త అంటాను. ఆమె విశాఖపట్నం పెద్దాసుపత్రిలో పడుకుని ఇవాళ్టికి నాలుగో రోజు. నోటి నిండా పుళ్ళు, తగ్గని జ్వరం, పళ్ళు తోముకుంటే ఆగని నెత్తురు. రక్తంలో కణాలన్నీ పడిపోతున్నాయన్నారు. ఎందుకు పడిపోతున్నాయో తెలియడం లేదన్నారు. ఇక్కడ అత్త ఊరి దేవతకి కోడిని మొక్కింది. అక్కడ చిన్నత్త వెళ్ళే చర్చివాళ్ళు ప్రార్థన పెట్టారు. రెండు వైపులా అర్జీలు చేరాయి, జవాబు ఏ వైపు నుంచీ రాలేదు.

నాకు ఏడుపు రాలేదు. రావాలని తెలుసు. చిన్నత్త అంటే నాకు ఇష్టమే, నా పెళ్ళిలో ఆమె ఆడిన ధింసా నాట్యం గురించి మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా లోపల ఏమీ కదలడం లేదు. పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో, మనిషి మొత్తం అలా ఉన్నాను.

ఏడున్నరకి ఫల్గుణ వచ్చాడు. చిన్నత్త కొడుకు. రాత్రంతా ప్రయాణం చేసి, అరకులో దిగి, జీపు వెనక వేలాడుతూ వచ్చినట్టున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“పెద్దమ్మా, ఆరోగ్యశ్రీ కార్డు నీ పెట్టెలో ఉందంట. బేగి తియ్యి. ఎనిమిదిన్నర జీపుకి మళ్ళీ ఎల్లిపోవాల.”

“ఎలగుందిరా మీ అమ్మ?”

“అలగే ఉంది.”

అత్త ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళింది. పెట్టె తాళం తీసే చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఫల్గుణ భుజం మీది గుడ్డ సంచిని నా ముందు పెట్టాడు. ఎండుచేపల వాసన గుప్పుమంది. చిన్నత్త సంతకి వెళ్ళేటప్పుడు వేసుకునే సంచి అది.

“ఒదినా, ఇందులో అమ్మ మందులున్నాయి. నువ్వోపాలి సూడు.”

“అక్కడ డాక్టరు చూడలేదా?”

“మందులేటి వాడతందని అడిగేరు. కీళ్ళ మాత్రలన్నాను. కొట్టుకి ఫోన్ సెయ్యమన్నారు. సురేంద్రన్న మాటాడి అన్నీ సెప్పేసేడు. మరింక సంచి ఎవరూ సూడ్లేదు. నాకే ఏదో, నీకు సూపించాలనిపించింది.”

బైకు తుడిచే గుడ్డ ఆగింది. నేను అటు చూడలేదు.

చిన్నత్తకి కీళ్ళవాతం. చేతి వేళ్ళు వాచి తక్కెడ పట్టుకోలేకపోతుంటే ఆమధ్య విశాఖలో కీళ్ళ డాక్టరుకి చూపించారు. ఆయన మెథోట్రెక్సేట్ రాశాడు. వారానికి ఒక్క రోజు, ఆ ఒక్క రోజున నాలుగు మాత్రలు. మంచి మందే. కాని వారం మందుని రోజూ మింగితే మనిషిని లోపల్నించి ఒలిచేస్తుంది. ఫార్మసీ కాలేజీలో మా మేడం ఈ మందు పేరు బోర్డు మీద రాసి, చుట్టూ మూడుసార్లు గీత గీసింది.

సంచిలో అడుగున కవర్లు, కవర్లలో ఖాళీ అట్టలు. పది మాత్రల అట్టలు. ఒకటి తీశాను, రెండు తీశాను. ఇంకా వస్తూనే ఉన్నాయి. మొత్తం ఏడు.

“ఇవన్నీ చిన్నత్త వేసుకున్నవేనా?”

“అమ్మవే. ఖాళీయి పారేయొద్దని నువ్వు సెప్పేవంట కదా. దాసింది.”

చెప్పాను. అందరికీ చెప్తాను. ఖాళీ అట్ట చూస్తే తెలిసినంత నిజం మనిషిని అడిగితే తెలియదు.

“మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది?”

“అయిదు వారాలు.”

అయిదు వారాలకి ఇరవై మాత్రలు. రెండు అట్టలు. నా ఒళ్ళో ఏడున్నాయి.

“రోజూ వేసుకుందా ఫల్గుణా?”

“లేదొదినా. డాక్టరమ్మ కూడా అదే అడిగింది, రోజూ ఏసుకుందేమో నిజం సెప్పమని. రోజూ ఎందుకేసుకుంటాది? సురేంద్రన్న సెప్పినట్టే, సంత రోజున ఏసుకుంది. ఒక్క సంత తప్పలేదు.”

“ఏ సంత?”

ఫల్గుణ నన్ను వింతగా చూశాడు.

“అన్నీను. డుంబ్రిగుడ, అరకు, సుంకరమెట్ట, హుకుంపేట. నీకు తెల్దేటి? అమ్మ ఏ సంతకి ఎల్లదు?”

ఉప్మా గరిటె ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

మా నాన్నకి వారానికి ఒకటే సంత. పసుపు తవ్వినా, రాజ్మా కోసినా, తట్టలో పెట్టుకుని వెళ్ళేది ఆ ఒక్కదానికే. వారం అంటే మా ఊళ్ళో ఎవరూ ఆదివారం నుంచి లెక్కపెట్టరు. సంత నుంచి సంతకి లెక్కపెడతారు. ఆ లెక్క చూసే, కొట్టు పెట్టిన కొత్తలో, వారం మందులకి ఒక గుర్తు కనిపెట్టాను. పొద్దున వేసుకునేదానికి కవరు మీద సూర్యుడు, రాత్రికి చంద్రుడు, వారానికోసారి వేసుకునేదానికి సంత తట్ట. చదువు రానివాళ్ళకి అంతకంటే తేలిక ఏముంది? అందరూ మెచ్చుకున్నారు. నన్ను నేను అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నాను.

చిన్నత్త సంతకి వెళ్ళేది కొనడానికి కాదు. ఎండుచేపలు అమ్మడానికి. ఆమెకి వారంలో నాలుగు సంతలు.

సంచిలోంచి తీసిన ప్రతి కవరు మీదా తట్ట ఉంది. నీలం స్కెచ్ పెన్నుతో గీసిన తట్ట. మా పసిగుంట నిద్రపోతున్నప్పుడు మంచం పక్కన కూర్చుని నేను గీసి, కట్టగట్టి కొట్టుకి పంపినవే. నీలవేణి పుట్టి పది నెలలు. ఈ పది నెలలూ నేను ఇంట్లో ఉన్నాను. కొట్టు గోడ మీద నా ఫోటో, నా సర్టిఫికెట్టు ఉన్నాయి. వాటి కింద బి.కాం. చదివిన సురేంద్ర ఉన్నాడు. గుంటకి ఏడాది నిండాక రావచ్చన్నారు. నేనూ సరేనన్నాను. ఎవరూ నన్ను కట్టెయ్యలేదు.

నేను కౌంటర్లో ఉండుంటే అడిగేదాన్ని. నీకు ఏ సంత చిన్నత్తా, అని ఒక్క మాట. కౌంటర్లో ఫార్మసిస్టు ఉండాలని ప్రభుత్వం రూలు పెట్టింది ఆ ఒక్క మాట కోసమే.

రోడ్డు మీద జీపులు వెళ్తున్నాయి, లోపలా పైనా జనంతో. ఇవాళ డుంబ్రిగుడ సంత. ఆ సంగతి అప్పుడు నాకు తట్టింది.

“ఫల్గుణా, ఈ రోజు మాత్ర?”

“కనకకి సెప్పొచ్చేను. టిఫినయ్యేక ఇచ్చేత్తాది.”

కనక అతని చెల్లెలు. తల్లి మంచం దగ్గర ఉన్నది ఆ పిల్లే.

“ఆసుపత్రిలో కూడా ఇస్తున్నారా?”

“మానేత్తే సేతులు మళ్ళీ వాసిపోతాయి కదా. మొన్న కూడా ఇచ్చేం. నోరంతా పుళ్ళు, మింగలేదు. కనక నూరి, నీళ్ళలో కలిపి, సెంచాతో పోత్తంది.”

అట్టలూ కవర్లూ పట్టుకుని, గుంటని చంకనేసుకుని లేచాను. మా ఇంట్లో ఫోన్ పలకదు. వాకిలి దాటి, పనసచెట్టు అవతల బండ మీద నిలబడితే పలుకుతుంది. మంచు ఇంకా విడలేదు, బండ జారుతోంది. చెప్పులు వేసుకోలేదని అక్కడికి వెళ్ళాక తెలిసింది.

మొదటిసారి కనక ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది.

“ఒదినా, ఒక్క నిముసం. అమ్మకి మాత్ర పోసేసి మాటాడతాను.”

“పొయ్యకు.”

“ఏటి?”

“పొయ్యకు కనకా. గ్లాసు కింద పెట్టు. పారబొయ్యి. ఒక్క చుక్క కూడా నోట్లో పడకూడదు.”

“ఈయేళ సంతొదినా...”

“తెలుసు. పారబొయ్యి. నేను ఫోన్లోనే ఉంటాను, వెళ్ళి పారబోసి రా.”

నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విన్నాక కూడా నాకు హాయిగా అనిపించలేదు. ఏమీ అనిపించలేదు.

“పోసేనొదినా. ఏటయ్యింది? అమ్మ సూత్తంది నన్ను.”

“మిగిలిన మాత్రలు నీ దగ్గర ఎన్నున్నాయి?”

“ఒక అట్టలో నాలుగు.”

ఎనిమిదో అట్ట. “అది జాగ్రత్తగా పెట్టు. డాక్టరు రాగానే...”

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఫోన్ తీసుకుంది.

“కనకా, నేను” అన్నాడు సురేంద్ర. “ఏటీ లేదు. ఆ మాత్ర పడట్లేదేమోనని ఒదిన ఆపమంటంది. డాక్టర్లకి ఏటీ సెప్పక్కర్లేదు. ఒదిన మళ్ళీ సేత్తాది.” పెట్టేశాడు.

నాలుగు రోజుల తర్వాత అప్పుడు నా మొహం చూశాడు.

“మాత్ర ఆగింది కదా. కావాల్సింది అదే కదా.”

“నీకు తెలుసా?” అనడిగాను.

ఫోన్ తన జేబులో పెట్టుకున్నాడు.

“ఎప్పట్నించి తెలుసు?”

“ఆ డాక్టరమ్మ ఫోన్ సేసినప్పుడు అనుమానం వచ్చింది. ఎన్ని అట్టలిచ్చేవంది. నోటికి రెండని వచ్చేసింది. తర్వాత కూకుని లెక్కేసుకున్నాను.”

“రెండని చెప్పావా?”

“డాక్టరు చీటీ ప్రకారం రెండే కదా ఇవ్వాల్సింది.”

“మరి మిగతా ఆరు అట్టలు?”

“పిన్ని వచ్చి అడిగింది స్వర్ణా. మాత్రలైపోనాయిరా, ఇంకో అట్ట ఇయ్యి అంది. సొంత పిన్నిని చీటీ తెమ్మంటానా? ఊరు మొత్తానికి చెప్పుకుంది, మా ఓడి కొట్టు మాత్రేసుకున్నాక తక్కెడ పట్టుకుంటన్నానని. చేతులు ఇలగ తిప్పి చూపించింది నాకు. నాకు సంతోషమేసింది.”

అబద్ధం కాదు. అతనికి నిజంగానే సంతోషమేసి ఉంటుంది. పై వాళ్ళెవరైనా అయితే, వారం తిరక్కుండానే మళ్ళీ ఎందుకొచ్చావని అడిగేవాడేమో. పిన్ని కాబట్టి అడగలేదు. పరాయి మనిషై పుట్టుంటే చిన్నత్తకి ఆ పాటి రక్షణ దొరికేది.

“నాకెందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను? నువ్వు గీసిన బొమ్మ చూసి ఇచ్చేనని చెప్పనా?”

అప్పటికి అత్త కార్డు పట్టుకుని పనసచెట్టు దాకా వచ్చింది. వెనక ఫల్గుణ. ఎంతవరకు విన్నారో తెలియదు. కాసేపు గుంట ఒక్కతే మాట్లాడింది, దాని భాషలో.

సురేంద్ర గొంతు తగ్గించాడు.

“ఇప్పుడు డాక్టరుకి చెప్పేవనుకో, వాళ్ళు కేసు షీట్లో రాత్తారు. రాత్తే డ్రగ్ ఇన్‌స్పెక్టరు వత్తాడు. మొదట అడిగేది, కౌంటర్లో ఎవరున్నారని. కొట్టు సీలేత్తారు. నీ సర్టిఫికెట్టు పోతాది. ఇంక నువ్వు ఎక్కడా ఉద్యోగం కూడా చెయ్యలేవు. గుంటనేటి పెట్టి పెంచుతాం? మాత్ర ఆగిపోయింది. అదే తగ్గుతాది, మెల్లిగా.”

నిజం చెప్పాలంటే, ఆ మాట నాకు బాగానే వినిపించింది. మందు ఆగింది. విషం కొత్తగా లోపలికి పోవడం లేదు. సగం పని అయింది, సగం పనికి ఏ ఖర్చూ కాలేదు. ఆ సగంతో ఇంట్లోకి వెళ్ళి, ఉప్మా వడ్డించి, గుంటకి స్నానం చేయించవచ్చు. నేను తల ఊపాననుకుంటాను. ఊపలేదని ఒట్టు వేసి చెప్పలేను.

“పెద్దమ్మా, కార్డిలగియ్యి” అన్నాడు ఫల్గుణ. “పది గంటలకి తుంటి ఎముకలోంచి మజ్జ తీత్తారంట. నేను సంతకం పెట్టాల. అప్పుడికి అందుకోలేను గాని, ఎల్లేదాకా ఆగమని కనక బతిమాలతాది.”

“మజ్జేటిరా?” అంది అత్త.

“రక్తంలో కేన్సరేమోనని సూత్తారంట. అమ్మకి సెప్పలేదు.”

అత్త కార్డు ఇవ్వడం మర్చిపోయింది. చీర కొంగులో కార్డుతో పాటు వేళ్ళు కూడా బిగించుకుంది.

“స్వర్ణా, ఇది కేన్సరేటి?”

“కాదు అత్తా.”

“నీకెలగ తెలుసు?”

“ఇది మందు వల్ల. చిన్నత్త వారానికి వేసుకోవాల్సిన దానికి నాలుగు రెట్లు వేసుకుంది. వాళ్ళకి ఆ సంగతి తెలియక వేరే రోగం వెతుకుతున్నారు.”

“మందుకి మందుంటాదా?”

“విరుగుడు ఉంది. ఎంత బేగి ఇస్తే అంత పనిచేస్తుంది. ఇప్పటికే నాలుగు రోజులు పోయాయి.”

“మరి సెప్పకుండా ఏటి సేత్తన్నారు ఇక్కడ నిలబడి?”

“చెప్తే కొట్టు పోతాదమ్మా” అన్నాడు సురేంద్ర. “నన్ను పట్టుకెళ్తారు.”

అత్త కొడుకు వైపు చూసింది. నా వైపు చూసింది. చెల్లెలు ఆమె కంటే తొమ్మిదేళ్ళు చిన్న. తల్లి పోయాక వీపున మోసి పెంచింది. ఆ కథ నాకు వందసార్లు చెప్పింది. కొడుకు ఒక్కడే. ఆ కథ చెప్పక్కర్లేదు, ఎదురుగా నిలబడి ఉన్నాడు.

ఆమె చెప్పమనలేదు. వద్దనలేదు. నా దగ్గరికి వచ్చి, చంకలోంచి గుంటని తీసుకుంది. నా చేతులు ఖాళీ చెయ్యడానికి తీసుకుందో, నా దగ్గర ఉంచకూడదని తీసుకుందో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యం లేదు.

“ఫల్గుణా, డాక్టరమ్మ నంబరు ఉందా?”

“వార్డు నంబరుంది.” తన ఫోన్ తీసి ఇచ్చాడు.

“ఆ మాట ఆ ఫోన్లో అన్నావంటే...” అన్నాడు సురేంద్ర. మిగతాది అనలేదు. అతను బెదిరించడం చేతకాని మనిషి. పెళ్ళయ్యాక నేను గమనించిన మంచి గుణాల్లో అదొకటి.

నంబరు నొక్కాను. వార్డులో ఎవరో ఎత్తి, ఎవరినో పిలిచారు. గొంతుని బట్టి చిన్న వయసు. రాత్రంతా మేలుకున్న గొంతు.

“డ్యూటీ డాక్టర్ని. చెప్పండి.”

“కృపావతి గారి గురించండి. డుంబ్రిగుడ. ఆమె మెథోట్రెక్సేట్ వారానికి నాలుగు మాత్రలు కాదండీ వేసుకున్నది. పదహారు. అయిదు వారాలుగా.”

అటు కుర్చీ జరిగిన చప్పుడు.

“డైలీ వేసుకోలేదని కొడుకు చెప్పాడే?”

“రోజూ కాదు. వారానికి నాలుగు రోజులు. నాలుగు సంతలు. అతను అబద్ధం చెప్పలేదు, మీరు అడిగింది రోజూ వేసుకుందా అని.”

“షాపతను రెండు స్ట్రిప్పులే ఇచ్చానన్నాడు.”

“ఎనిమిది. ఏడు ఖాళీవి నా చేతిలో ఉన్నాయి. ఎనిమిదోది అక్కడ కనక దగ్గర ఉంది, నాలుగు మాత్రలు మిగిలాయి.”

“చివరి డోసు ఎప్పుడు?”

“మొన్న, మీ వార్డులోనే. నూరి పోశారు. ఈ రోజుది ఇప్పుడే ఆపించాను.”

అటు కాగితం తిప్పిన చప్పుడు. రాసుకుంటోందేమో.

“మీరెవరు?”

“ఫార్మసిస్టుని.”

“మందు ఇచ్చింది మీరేనా?”

ఇక్కడ తప్పించుకోవడం ఎంత తేలికో నాకు ఆ క్షణాన కనిపించింది. కాదు, అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. సురేంద్ర పక్కకి తిరిగి కొండ వైపు చూస్తున్నాడు. అతను కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాడేమో. నేను కాదంటే తప్పంతా అతనిది అవుతుంది.

“ఇచ్చినప్పుడు నేను కౌంటర్లో లేను. ఉండాల్సింది నేనే. కొట్టు నడుస్తోంది నా సర్టిఫికెట్టు మీద. సంత రోజున వేసుకోమని చెప్పమన్నది నేను. కవరు మీద ఆ బొమ్మ గీసింది కూడా నేను. మళ్ళీ మళ్ళీ ఇస్తుంటే అడగాల్సిన మనిషిని ఇంట్లో ఉన్నాను.”

“ఓకే” అంది. మామూలుగా అంది. “విరుగుడు ఇప్పుడే మొదలుపెడతాం. బోన్ మారో సంగతి మా ప్రొఫెసర్‌తో మాట్లాడతాను. కౌంట్లు చాలా తక్కువున్నాయి, నేనేమీ మాటివ్వలేను. మీరు ఇప్పుడు చెప్పినదంతా తేదీలతో రాసి, సంతకం పెట్టి పంపండి.”

“పంపుతాను.”

“ఇంకో విషయం. పొద్దున డోసు వెళ్ళుంటే ఇక నేను కూడా చెయ్యగలిగింది పెద్దగా ఉండేది కాదు.” పెట్టేసింది.

అది మెచ్చుకోలో, నిందో తెలియలేదు. రెండూ నాకు ఒకే దూరంలో ఉన్నాయి.

ఫోన్ ఫల్గుణకి ఇచ్చాను. అతను తీసుకోలేదు. చెయ్యి చాచడం మర్చిపోయాడు.

“అంటే రోగం కాదు” అన్నాడు.

“కాదు.”

“మన కొట్టు మందే.”

“అవును.”

“మేవే పోసేం. ఆసుపత్రిలో కూకోబెట్టి, నూరి మరీ పోసేం.”

“మీకు తెలియదు ఫల్గుణా.”

“నీకు తెలుసు కదొదినా. సదూకున్నావు కదా.”

అతను వంగి, బండ మీద నేను పెట్టిన ఖాళీ అట్టలు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకున్నాడు. కవర్లు కూడా. తట్ట బొమ్మని ఒకసారి బొటనవేలితో రుద్ది చూశాడు.

“తమ్ముడా...” అంటూ సురేంద్ర అతని దగ్గరికి వెళ్ళాడు.

“నువ్వు మాటాడకన్నా” అన్నాడు ఫల్గుణ. అరవలేదు. అరిచినా బాగుండేది.

కింద రోడ్డు మీద ఎనిమిదిన్నర జీపు హారన్ కొట్టింది. పెద్దమ్మ కొంగులోంచి కార్డు తనే తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

“ఒదినా, పద.”

“ఎక్కడికి?”

“వైజాగు. అక్కడ ఎవరే మాత్ర ఇచ్చినా, ఏ సూదేసినా, నువ్వు సూసేకే అమ్మకి. నాకు సదువు రాదు, కనకకి రాదు. మా దగ్గర ఇంకెవరున్నారు?”

నేను అతని మొహం చూశాను. క్షమించిన మొహం కాదు అది.

“అమ్మ లేసి కూకున్నాక అప్పుడు సూత్తాను, నిన్నూ అన్ననీ ఏటి సెయ్యాలో” అన్నాడు. “బేగి రా. జీపు ఎల్లిపోతాది.”

సురేంద్ర బండకి చేరబడి కూర్చుండిపోయాడు. వెళ్తే ఎన్ని రోజులో తెలియదు. గుంట ఇంకా పాలు తాగుతుంది. నేను అత్త దగ్గరికి వెళ్ళాను.

“అత్తా, దాన్ని ఇటివ్వు.”

నీలవేణి నా వైపు చేతులు చాచింది. అత్త ఇవ్వలేదు.